క్రెస్టెన్ గంట కొట్టిన ఆదివారం

టోరా అమ్మగారి దగ్గర పంతొమ్మిదేళ్ళు పనిచేశాను. మా యూట్లాండ్ పడమటి తీరంలో చలికాలం నేల రాయిలా బిగుసుకుపోతుంది. సమాధి తవ్వలేక నేను కిందామీదా పడుతుంటే, ఆవిడ నల్లగౌను మోకాళ్ళ దాకా ఎగగట్టి గునపం అందుకునేవారు. "జరుగు యెప్పే, నీ నడుం రేపటిక్కూడా కావాలి" అనేవారు. తర్వాత గోడమీద కూర్చుని రై రొట్టె, పందికొవ్వు చెరిసగం పంచుకునేవాళ్ళం. అంత మంచి పాస్టరును నేను మళ్ళీ చూడలేదు.

1953లో ఆవిడ కొత్తగా వచ్చినప్పుడు మాత్రం ఊరు ఆవిడ మొహం చూడలేదు. ఆడమనిషి ప్రసంగపీఠం ఎక్కడమేమిటని చర్చి సంఘం పెద్ద క్రెస్టెన్ భీష్మించుకున్నాడు. ఊరంతా అతని వెనకే, మా ఆవిడతో సహా. బల్లల మీద ఊళ్ళోవాళ్ళు ఒక్కరైనా లేకపోతే ఆరాధన జరపకూడదు. గంట కొట్టే నేను, ఆర్గన్ వాయించే అతను జీతగాళ్ళం, లెక్కలోకి రాం. వరుసగా మూడు ఆదివారాలు ఆరాధన ఆగితే ఆవిణ్ణి వేరే చోటికి మార్చేస్తానని బిషప్పుగారు చెప్పేశారు. రెండు అప్పటికే అయిపోయాయి.

మూడో ఆదివారం పొద్దున క్రెస్టెన్ ఒక్కడే వచ్చాడు. ఆరాధనకి కాదు, ఖాళీ బల్లలు కళ్ళారా చూసుకుందామని. గుమ్మం బయటే నిలబడ్డాడు. లోపల టోరా అమ్మగారు గంజి పెట్టిన తెల్ల మెడపట్టీ కట్టుకుంటున్నారు. వినేవాళ్ళు ఒక్కరూ లేకపోయినా ముడి సరిచూసుకుంటున్నారు. అది చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది. తాళాలగుత్తి తీసుకెళ్ళి క్రెస్టెన్ చేతిలో పెట్టాను.

"ఏంట్రా ఇది?"

"ఉద్యోగం మానేశా. ఇప్పుడు నేను జీతగాణ్ణి కాదు, ఊళ్ళోవాణ్ణి. వెళ్ళి బల్ల మీద కూర్చుంటా."

"పిచ్చెక్కిందా? మరి గంటెవడు కొడతాడు?"

"సంఘం పెద్దవి నువ్వేగా! కొడితే కొట్టు, లేకపోతే లేదు. పక్క ఊరోళ్ళు నవ్వితే నాకేం?"

అక్కడ దొరికిపోయాడు. మా గంట ఏ ఆదివారమూ ఆగలేదని పదిమందిలో గొప్పలు చెప్పుకునేది అతనే. తిట్టుకుంటూ గోపురం మెట్లెక్కాడు.

గంట కొట్టడం చూడ్డానికి తేలికే. క్రెస్టెన్ ఆ తాడును మొండి ఎద్దును లాగినట్టు లాగాడు. ఒకటి మోగింది, ఆగింది, తర్వాత గబగబా ఏడెనిమిది. మా ఊళ్ళో గంట అలా మోగిందంటే ఎవరి ఇంటి గడ్డికప్పో అంటుకున్నట్టే. దేవుడి తోడు, నేనిది అనుకోలేదు.

పావుగంటలో తలుపు బద్దలైనంత పని అయింది. బకెట్లు, నిచ్చెనలు, రాత్రి చొక్కాలు! ముందు క్రెస్టెన్ భార్య మెట్టె, చేతులనిండా పిండితో.

"ఎక్కడ? ఏం తగలబడింది?" అని అరిచింది.

టోరా అమ్మగారు పీఠం మీంచి ఊరంతటినీ ఒకసారి చూశారు.

"ఏమీ తగలబడలేదు. ఎలాగూ వచ్చారుగా, బకెట్లు గుమ్మం దగ్గర పెట్టి కూర్చోండి."

ఎవరో ఫక్కున నవ్వారు. మా ఆవిడే. నవ్వుతూనే వచ్చి నా పక్కన కూలబడింది. ఇక ఒకరి వెనక ఒకరు సర్దుకున్నారు. క్రెస్టెన్ చెమటలు కక్కుతూ దిగొచ్చేసరికి అతనికి చోటే లేదు.

"మంట ఎవరింట్లో అని కూడా అడక్కుండా పరిగెత్తుకొచ్చారు," అన్నారు టోరా అమ్మగారు. "మీకు ఇంతకంటే ఏం ప్రసంగం చెప్పను?"

తర్వాత పాట ఎత్తుకుంటే కప్పు ఎగిరిపోతుందేమో అనిపించింది. నా జన్మలో అంత గట్టిగా పాడలేదు.

బయటికి వచ్చేటప్పుడు మెట్టె టోరా అమ్మగారి రెండు చేతులూ పట్టుకుంది.

"వచ్చే వారం ఏదీ తగలబడకపోయినా వస్తామమ్మా." మొగుడివైపు తిరిగింది. "నువ్వు కూడా. కాస్త ముందొస్తే కూర్చోడానికి చోటు దొరుకుద్ది."

క్రెస్టెన్ తాళాలగుత్తి మళ్ళీ నా చేతిలో పెట్టేసి, టోపీ నలుపుకుంటూ, "సరే, వస్తాలే" అన్నాడు.