పసుపు పూసిన పెట్టె

నేను ఒక ప్రయాణపు పెట్టెను. మూసి ఉంటే నల్లని తోలు తొడుగుతో, ఇత్తడి మూలలతో నగల పెట్టెలా కనిపిస్తాను. తెరిస్తే, మధ్యలో పింగాణీ పాత్ర అమర్చిన కుర్చీని. దొరల ప్రయాణాలకు ఇలాంటివి తయారుచేసే మద్రాసు పొన్నుస్వామి ఆచారి నన్ను మూడు నెలలు చెక్కాడు. "చూసేవాళ్ళకి పెట్టె, కూర్చున్నవాళ్ళకి ప్రాణం" అని నవ్వుకునేవాడు.

నన్ను కొన్న దొర సీమకు పోతూ కాకినాడలో వేలం వేయించాడు. మాణిక్యాంబ భర్తను పంపి నన్ను కొనిపించింది, అత్తగారు రత్తమ్మగారి కోసం.

ఆవిడ మనవరాలికి రాజమండ్రిలో ఆడపిల్ల పుట్టింది. రైలు ఇంకా రాని రోజులు. బారసాలకు కాలవ పడవలో ఒక పగలూ ఒక రాత్రీ వెళ్ళాలి. "నేను రాలేను, మోకాళ్ళ నొప్పులు" అని రత్తమ్మగారు అందరితోనూ అంది. అసలు సంగతి కోడలికొక్కతికే తెలుసు. ఆవిడ కిందకి వంగి నేలమీద కూర్చోలేని మనిషి, అవసరానికేమో గంటకోసారి వెళ్ళక తీరదు. ఇంట్లో కంత కోసిన పాత కుర్చీ ఉంది. దాన్ని పడవ ఎక్కిస్తే ఊరంతా చూస్తుంది.

పడవ వెనక చీర అడ్డం కట్టి నన్ను పెట్టారు. సామర్లకోట దాటేసరికి రత్తమ్మగారు పాట అందుకుంది. దొర నామీద కూర్చుని ఎప్పుడూ విసుక్కునేవాడే. నేను పాట వినడం అదే మొదలు.

దిగేముందు మాణిక్యాంబ నన్ను కడిగి, తుడిచి, మూత బిగించింది. అదే కొంప ముంచింది. వియ్యపురాలు సూరమ్మగారు నన్ను చూసి, పిల్లకు తెచ్చిన కానుకల పెట్టె అనుకుంది. పసుపు పూసి, కుంకుమ పెట్టి, ఉయ్యాల పక్కనే పీటమీద కూర్చోబెట్టింది. మాణిక్యాంబ ఆపబోయేలోగా పేరంటాళ్ళు చుట్టూ చేరారు.

"వెండి సామానై ఉంటుందే" అంది ఒక పేరంటాలు.

"అంత పెట్టె నిండానా? మా వియ్యపురాలికి చూపించాలి" అంది ఇంకొకామె.

సరిగ్గా అప్పుడే రత్తమ్మగారికి వేళయింది. "ఇక ఆగేట్టు లేదే" అంది కోడలి చెవిలో.

"ఇంతమందిలో ఎలా అత్తయ్యా?"

రత్తమ్మగారు ఒక్క క్షణం కళ్ళు మూసుకుంది. తరవాత అందరికీ వినిపించేలా అంది. "సూరమ్మా, అది కానుకల పెట్టె కాదమ్మా. నేను కూర్చుని అవసరం తీర్చుకునే కుర్చీ. లోపలి గదిలోకి చేర్పించు, పేరు పెట్టేలోగా వచ్చేస్తాను."

ఎవరో కిసుక్కుమన్నారు. తరవాత ఇల్లంతా నవ్వింది, అందరికంటే గట్టిగా రత్తమ్మగారే. ఆవిడ వచ్చేదాకా పేరు పెట్టడం ఆపారు. పిల్ల చెవిలో ఆ పేరు మొదట పలికింది ఆవిడే.

సాయంత్రం సూరమ్మగారు ఒంటరిగా రత్తమ్మగారి గదిలోకి వచ్చి నా మూత నిమిరింది. "పిన్నిగారూ, మా పెద్దమ్మాయిని చూసి నాలుగేళ్ళయింది. అందరితోనూ కాళ్ళ వాతం అని చెప్తున్నాను. దీన్ని నాకు ఒక్క నెల..."

"తీసుకెళ్ళవే. నాకిక్కడ ఏదైనా పాత కుర్చీకి కంత కోయించి వెళ్ళు. ఈ పెట్టె తిరిగొచ్చేదాకా నేను కదల్లేనుగా. పిల్ల దగ్గరే ఉంటాను."

ఆ నెల మూడు నెలలయింది. నేను వెంటనే తిరిగి రావాలని ఆ ఇంట్లో ఎవరూ కబురు పెట్టలేదు, రత్తమ్మగారు అసలే పెట్టలేదు.