గేటు దాకా

అడిగినప్పుడు నోరు విప్పకపోవడం అబద్ధం కిందికి వస్తుందా, రాదా? ముప్ఫై రెండేళ్లుగా ఆయనకు తీరని సందేహం ఇది. రోజూ పొద్దున లిఫ్టు స్విచ్చి వేసే ముందు దేవుడికి దణ్ణం పెట్టుకుని, ఆ ప్రశ్న కూడా దేవుడి ముందే ఉంచేవాడు. జవాబు వచ్చేలోపు పై అంతస్తు నుంచి గంట మోగేది.

ఆస్పత్రిలో అందరూ ఆయన్ను మిలటరీ అనే పిలుస్తారు. పదకొండేళ్లుగా ఆ ఇరుకు ఇనుప గదిలో ముక్కాలి పీట మీద, వెన్ను వాల్చకుండా కూర్చుంటాడు. జాలీ తలుపు లాగీ లాగీ కుడి అరచెయ్యి కాయకాచింది. “నిద్రలో కూడా అటెన్షన్‌లో పడుకుంటారేంటండీ, ఎవరు తనిఖీకొస్తారని?” అని భార్య నవ్వేది. మంచి మనిషి. ఆమెకు ఏ లోటూ రానివ్వలేదు. ఒక్క తను మాత్రం ఆమెకు దొరకలేదు.

పన్నెండు రోజుల కిందట ఒకావిడ తన తమ్ముణ్ణి చక్రాల కుర్చీలో లిఫ్టులోకి తోసుకొచ్చింది. కుర్చీలో మనిషివి పీక్కుపోయిన చెంపలు, లోతుకు పోయిన కళ్లు. ఎన్నో అంతస్తని అడగబోయి మిలటరీ ఆగిపోయాడు. పిట్ట.

బక్కగా ఉండి ఎప్పుడూ ఈల వేస్తాడని సైనిక శిబిరంలో పెట్టిన పేరది. రెండేళ్లు ఇద్దరిదీ ఒకే గుడారం. అందరూ స్నేహమనుకున్నది ప్రేమని వాళ్లిద్దరికే తెలుసు. ముప్ఫై రెండేళ్ల కిందట ఒకనాడు పిట్ట పెట్టెలో అతని చేతిరాతతో, ఎవరి పేరూ రాయని ఉత్తరం దొరికింది. మగవాడు మగవాడికి రాసిందని చదివితే తెలిసిపోతుంది. ఎవరికని అధికారి ఎంత గద్దించినా పిట్ట చెప్పలేదు. నీకేమైనా తెలుసా అని మిలటరీని అడిగితే అతనూ నోరు విప్పలేదు. పిట్టకు కొలువు పోయింది, పింఛనూ పోయింది. శిబిరం వదిలి వెళ్లేవాడి పెట్టెను స్నేహితుడు మోసి గేటు దాటించడం అక్కడి రివాజు. ఆ పొద్దున పిట్ట తన పెట్టె తనే ఈడ్చుకుపోయాడు. గేటు దగ్గర కాపలా మిలటరీదే. తుపాకీ పట్టుకుని, ఎదురుగా ఉన్న గోడనే చూస్తూ నిలబడ్డాడు.

లిఫ్టులో పిట్టే ముందుగా పలకరించాడు.

“ఏరా, నన్నంటే బయటికి గెంటారు. నిన్నేంట్రా, లోపల పెట్టి మూసేశారు?”

ఏదో అనేలోపు నాలుగో అంతస్తు వచ్చేసింది.

వార్డులోకి బంధువులనే వెళ్లనిస్తారు. రోగి ఏమవుతాడో పుస్తకంలో రాయాలి. ఒక సాయంత్రం డ్యూటీ దిగాక మిలటరీ ఆ పుస్తకం ముందు పెన్ను పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. వెనక వరసలో వాళ్లు విసుక్కుంటుంటే పెన్ను అక్కడే పెట్టేసి ఇంటికి పోయాడు.

ఈ మధ్యాహ్నం నాలుగో అంతస్తు దీపం వెలిగింది. తలుపు తీస్తే స్ట్రెచరు మీద తల దాకా కప్పిన తెల్ల దుప్పటి. ఒక వార్డు మనిషి, వెనక అక్కగారు. మిలటరీ గోడకు ఒదిగి చోటిచ్చాడు. లిఫ్టు దిగసాగింది.

“పొద్దున కూడా అడిగాడు బాబూ,” అందావిడ. “లిఫ్టాయన డ్యూటీకొచ్చాడా అని.”

మూడు. రెండు. పిడి తిప్పి లిఫ్టును కింద ఆపాడు.

కింద వరండా దాటితే ఏడు మెట్లు. చక్రాలు దిగవు, ఇద్దరు మొయ్యాలి. శవాల వ్యానును లోపలికి రానివ్వరు కాబట్టి అది గేటు బయటే ఆగి ఉంది. రెండోవాడి కోసం వార్డు మనిషి అటూ ఇటూ చూశాడు. మిలటరీ టోపీ తీసి పీట మీద పెట్టి బయటికి వచ్చాడు. తలవైపు పట్టుకున్నాడు.

సూపర్‌వైజరు గబగబా వచ్చాడు. “ఏమయ్యా మిలటరీ, పైన డాక్టర్లు గంట కొడుతున్నారు. ఆయన నీకేమవుతాడని?”

“నా మనిషండీ.”

సూపర్‌వైజరు అక్కగారి వంక చూసి పక్కకు తప్పుకున్నాడు.

మెట్లు దిగారు. కంకరదారి సగానికి వచ్చేసరికి భుజాలు లాగాయి. దింపి ఊపిరి తీసుకుందామన్నాడు వార్డు మనిషి. వద్దన్నాడు మిలటరీ. గేటు దాటాక, వ్యానులోకి ఎక్కించాకే చేతులు వదిలాడు. అక్కగారు బల్ల మీద కొంచెం జరిగి కూర్చుంది. ఆయన ఎక్కి పక్కన కూర్చున్నాడు. వ్యాను కదిలింది.

లిఫ్టు తలుపు తెరిచే ఉంది. లోపల పీట మీద టోపీ, అంచున చెమట మరక ఇంకా తడిగానే ఉంది.