కాయిదం అంచుకు రాసింది

సిద్దిపేట బస్టాండ్ దగ్గర నాది ఫ్లెక్సీల దుకాణం. పొద్దుగాల కర్రీ పాయింట్ బాలమణక్క వచ్చి, "షోయబ్ తమ్మీ, బోర్డు మీద 'ఇంటి వంట' అని గా చేతిరాత ఫాంటుల కొట్టు. ఇంట్ల ఆడమనిషి రాసినట్టే ఉంటది" అన్నది.

"రాసినట్టేంది? ఇంట్ల మనిషే రాసింది!" అని గయ్యిమన్న. పాపం, ఆమెకేం ఎరుక.

ఆ ఫాంటు నా భార్య మునీరా చేతిరాత. మూడేండ్ల కింద ఫాంటు చేద్దామని గళ్లు గీసిన కాయిదాలిచ్చి, గడికొక అక్షరం రాయమన్న. అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు, అన్నీ ఓపికగ రాసింది. ఆఖరి కాయిదం అంచుకు మాత్రం నాకోసమని చెప్పి ఒక లైను రాసింది. నేను ఏం రాసిందో చూడను గూడ చూడలే. "గళ్ల బయట రాస్తే స్కానింగ్ ఖరాబైతది, అకల్ లేదా నీకు?" అని కసిరి, కత్తెరతోని అంచు కోసి చెత్తబుట్టల పడేసిన. ఆమె నవ్వి, మిగిలిన కాయిదాలు సర్ది ఇచ్చింది.

మొన్న రంజాన్‌కు ముందు మునీరాకు గుండెనొప్పి వచ్చింది. దవాఖానకు తీస్కపోయేలోపే పోయింది. ఇప్పుడు ఏ గల్లీల చూసినా ఆమె రాతనే. బిర్యానీ సెంటర్ మీద, బర్త్‌డే ఫ్లెక్సీల మీద, చీరల సేల్ మీద. ఇంట్ల మాత్రం ఆమె నాకు రాసిన ముక్క ఒక్కటి లేదు.

బాలమణక్క పోయినంక కంప్యూటర్ ముందట కూసున్న. మునీరా అక్షరాలన్నీ నా తాననే ఉన్నయి. ఆ లైను కోసం ఏ అక్షరం నొక్కాల్నో తెలుస్తలేదు.