రెండో సూది

పనిమనిషి కొండలమ్మ పెద్దకర్మ కూడా కాకముందే, "వేరే మనిషిని చూడు బ్లెస్సీ, ఎన్నాళ్లని నువ్వే తోముతావు?" అన్నారు అత్తగారు అమలమ్మ. బ్లెస్సీ సింకు ముందు నిలబడి మాడిన గిన్నె రుద్దుతూనే ఉంది.

ఆమె విజయవాడలో ఒక పశువైద్య ల్యాబ్‌లో పరిశోధకురాలు. రేబిస్‌తో చచ్చిపోయిన కుక్కల మెదడును పల్చటి పొరలుగా కోసి, రోగంతో పోరాడే కణాలు అందులో ఏమయ్యాయో మైక్రోస్కోపులో చూడటం ఆమె పని. మెదడులో కాపలా ఉండే కణాలు మేలుకుంటాయి. రక్తంలోంచి సాయం వచ్చే టీ-కణాలు కొన్నే, వచ్చినవీ చాలావరకు అక్కడే చచ్చిపోతాయి. వైరస్ మెదడుకెక్కాక మందు లేదు. అంతకు ముందే సూదులన్నీ పడాలి. ఆ ఇంట్లో ఇది బాగా తెలిసిన మనిషి తనొక్కతే.

కొండలమ్మ అరచేతిని కుక్కపిల్ల కొరికిన రోజు తనే సబ్బుతో కడిగి, ఆసుపత్రికి తీసుకెళ్లి మొదటి సూది వేయించింది. రెండోది వేయించాల్సిన రోజున ఇంట్లో ప్రార్థన కూటం, ముప్ఫైమందికి వంట. "సూదికి పోయొస్తానమ్మా, లైనులో మధ్యాహ్నమవుద్ది" అంది కొండలమ్మ. అత్తగారు మొహం ముడుచుకున్నారు. భర్త జాన్ పాల్, "ఆడాళ్ల పనుల్లోకి నన్ను లాగకండి" అని పేపరు తిప్పాడు. ల్యాబ్‌కి సెలవు పెట్టి తెల్లారకముందే పొయ్యి దగ్గర చేరిన బ్లెస్సీకి ఆ అంట్లన్నీ తలుచుకుంటే నీరసం వచ్చింది. "రేపు వెళ్దువుగానిలే" అంది. మర్నాడు కొండలమ్మ, "మానిపోయిందిలేమ్మా" అంది. తను రెట్టించలేదు. కొన్నాళ్లకి రేబిస్ కొండలమ్మను తీసుకుపోయింది.

"మొదటిది వేయించావుగా, నీ తప్పేముంది?" అంటాడు జాన్ పాల్. పని ఎక్కువైందనీ, అత్తగారనీ ఎంత సర్దిచెప్పుకున్నా 'రేపు వెళ్దువుగానిలే' అన్న నోరు తనదే.

ఆదివారం బ్లెస్సీ చర్చికి వెళ్లకుండా కొండలమ్మ కూతురు నాగమల్లేశ్వరి ఇంటికి వెళ్లింది. ఆ పిల్ల వాకిట్లో అమ్మకానికి చేపలు కోస్తోంది. బ్లెస్సీకి పీట వేసింది.

"మా అమ్మదంతా అశ్రద్ధేనండీ, సూది ఎగ్గొట్టింది. ఆఖర్న నీళ్లు చూసి వణికిపోతా ఉంటే, నీ చేతులారా తెచ్చుకున్నావని తిట్టాను" అంది తలెత్తకుండా.

"ఎగ్గొట్టలేదమ్మా. నన్ను సెలవడిగింది. ఇంట్లో పనుందని నేనే ఆపాను."

నాగమల్లేశ్వరి చెయ్యి ఆగింది. తలెత్తి చూసింది.

"ఇంకోసారి చెప్పండి" అంది.

బ్లెస్సీ పీట మీంచి లేచి నిలబడి, ఇంకోసారి చెప్పింది.