హెస్టర్ పడవెందుకు ఎక్కలేదు

రోజ్లిన్ పెన్‌హాల్‌కి ఆ సదస్సుకు వెళ్లాలని లేదు. ఆబ్రీ కెల్లావే నాటకాల గురించి చెప్పీ చెప్పీ ఆమె నోరు అరిగిపోయింది. హోబార్ట్ యూనివర్సిటీలో చేరినప్పటి నుంచీ పాడిందే పాట. వినేవాళ్లు కూడా ఏటా ఆ నలుగురే. ఈ ఏడాది ఆఖరుకి ఎలాగూ రిటైరవుతోంది, ఇక చాలనుకుంది. అంతలో డెస్ హార్‌గ్రేవ్ కూతురు ట్రేసీ ఫోన్ చేసింది.

"నాన్న పత్రం మీరే చదవాలట, రోజ్ ఆంటీ. ఇంకెవరు చదివినా ఒప్పుకోనంటున్నాడు."

"నేనా? అందులో నన్ను ఏకిపారెయ్యడం తప్ప ఇంకేముంటుందే?"

"అందుకేనట."

మార్చిలో డెస్‌కి పక్షవాతం వచ్చింది. కుడిచెయ్యి, సగం నాలుక పడిపోయాయి. బుర్ర మాత్రం చెక్కుచెదరలేదు. పత్రం అంతకుముందే రాసి పెట్టుకున్నాడు. రోజ్లిన్ కాదనడానికి ఒక సాకు కోసం వెతికింది. సాకు అల్లడానికి కూడా ఓపిక లేక సరేనంది.

కయ్యానికైనా సమఉజ్జీ ఉండాలంటారు. టాస్మేనియా మొత్తం మీద వాళ్లిద్దరికీ ఒకరికొకరే ఉజ్జీ. తగువంతా కెల్లావే రాసిన ఒక్క నాటకం గురించి. దీపస్తంభం కాపలాదారు భార్య హెస్టర్, దీవి విడిచి పోవడానికి పడవ కోసం వారాల తరబడి కాచుకుని ఉంటుంది. తీరా పడవ వచ్చి, రేవులో వాళ్లు కేకేస్తే, లోపలికి పోయి తలుపు వేసుకుంటుంది. తెర పడుతుంది. ఇరవై ఏళ్ల తర్వాత దాన్ని సినిమాగా తీసినవాళ్లు హెస్టర్‌ని పడవెక్కించేశారు. తలుపు వేసుకోవడం ధిక్కారమనీ, సినిమావాళ్లు జనానికి జడిసి దాన్ని చంపేశారనీ రోజ్లిన్ పుస్తకం రాసింది. అదేం కాదు, నాటకం చెప్పలేకపోయినదాన్నే సినిమా చెప్పిందని డెస్ ఎదురు పుస్తకం రాశాడు. అప్పటినుంచీ వ్యాసానికి వ్యాసం, మాటకు మాట.

సదస్సు రోజున ఊరి వెనక కొండ నెత్తిన మంచు పేరుకుంది. హాల్లో హీటరు మూలుగుతోందే గానీ వెచ్చదనం లేదు. వచ్చిన ఇరవై మందీ కోట్లు విప్పకుండానే కూర్చున్నారు. డెస్ ముందు వరసలో చక్రాల కుర్చీలో ఉన్నాడు. మోకాళ్ల మీద గళ్ల దుప్పటి. రోజ్లిన్‌ని చూసి ఎడమ చెయ్యి కాస్త ఎత్తాడు.

"గట్టిగా... చదువు," అన్నాడు. మాట ముద్దగా వచ్చింది.

"నన్ను నేను తిట్టుకోవడం కదా, గట్టిగానే తిట్టుకుంటాలే," అంది రోజ్లిన్.

మొదటి పేజీ గబగబా లాగించేసింది. 'పెన్‌హాల్ గారికి సముద్రమంటే అలెర్జీ' అన్నచోట జనం నవ్వారు. ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. ఇలాంటి వెటకారాలు ఆమెకు అలవాటే. రెండో పేజీలో మాత్రం ఆమె గొంతు దానంతటదే నెమ్మదించింది. 'కెల్లావే ఈ నాటకం ఆడించింది చర్చి వెనక హాల్లో. అక్కడ సముద్రం లేదు, రంగు వేసిన గుడ్డ ఉంది. గుడ్డలోకి ఎవరూ నడిచి పోలేరు. అతని దగ్గర నిజంగా ఉన్నది ఒక్క తలుపు. అందుకే తలుపు వేయించాడు.' ఇంత తేలిక మాట తనకెందుకు తట్టలేదా అనుకుంది.

చివరి పేజీలో ఒక వాక్యం దగ్గర ఆమె చూపు ఆగిపోయింది. 'పెన్‌హాల్ లేకపోతే కెల్లావే ఈపాటికి అటకెక్కేవాడు, నేను ఎవరితోనూ పోట్లాడకుండా ముసలివాణ్ణి అయ్యేవాణ్ణి.' ఆ వాక్యం వదిలేసి కింది వాక్యం అందుకుంది. తన గురించిన మెప్పు తనే పైకి చదువుకోవడానికి నోరు రాలేదు.

పత్రం అయ్యాక మెల్‌బోర్న్ నుంచి వచ్చిన విటికర్ అనే ప్రొఫెసర్ లేచాడు. "క్షమించాలి. నాటకం గొప్పా సినిమా గొప్పా అన్న తగువు ఎప్పుడో సమసిపోయింది కదా. ఇంకా దీని మీద ఎవరైనా పని చేస్తున్నారంటే నాకు ఆశ్చర్యంగానే ఉంది," అన్నాడు.

డెస్ పెదవులు కదిలాయి, మాట పెగల్లేదు. రోజ్లిన్ అతనికేసి ఓ క్షణం చూసింది.

"మీకు సమసిపోయిందేమో," అంది విటికర్‌తో. "ఏది గొప్పని ఈయన అడగడం లేదండీ. హెస్టర్‌కి తలుపు తప్ప దారి ఇవ్వని రచయిత, ఆమెను లోపల ఉంచాడా, లోపల ఇరికించాడా అని అడుగుతున్నాడు. నేను పుస్తకం మొత్తంలో ఆ ప్రశ్న వేసుకోలేదు. మీరు ఎక్కడైనా వేసి ఉంటే చెప్పండి, చదువుకుంటాను."

విటికర్ కూర్చున్నాడు. టీ వేళయింది.

సాయంత్రం డెస్‌ని ఇంటికి చేర్చే పని కూడా ఆమె మీదే పడింది. ట్రేసీకి ఆసుపత్రిలో డ్యూటీ. కుర్చీ మడిచి కారు వెనక పెట్టేసరికి రోజ్లిన్ నడుము పట్టేసింది. దారిలో రేవు దగ్గర ఆల్చిప్పల మాంసం కూరి కాల్చిన స్కాలప్ పైలు రెండు కొని, నదికి ఎదురుగా కారు ఆపింది. అతని వాటా ముక్కలు చేసి ఒళ్లో పెట్టింది. అద్దాల మీద వాన కొడుతోంది.

"ఒక... వాక్యం... మింగావు," అన్నాడు డెస్.

"మింగాను. సిగ్గేసింది."

"దొంగ... దానా."

"తిను, చల్లారిపోతుంది."

కాసేపు ఇద్దరూ తిన్నారు. ఆమె స్టీరింగు మీద చేతులు వాల్చి అంది. "ఇన్నాళ్లూ ధిక్కారం, ధిక్కారం అన్నాను డెస్. ఇవాళ నీ పత్రం చదువుతుంటే ఇంకోటి తోచింది. హెస్టర్ అలిసిపోయిందేమో. అన్ని వారాలు ఎదురుచూశాక, పడవ వచ్చేసరికి మూట కట్టుకునే ఓపిక కూడా మిగల్లేదేమో. ఎదిరించిందీ లేదు, ఇరుక్కుందీ లేదు. పోయి పడుకుందంతే."

డెస్ నమలడం ఆపాడు.

"అది... రాయి."

"ఇంక నా వల్ల కాదు. ఎవడు అచ్చేస్తాడు, ఎవడు చదువుతాడు?"

"నేను. తప్పని... చెప్పాలి... కదా."

ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే నడుము కలుక్కుమంది.

రాత్రి ఇంటికి వెళ్లి, బట్టలు కూడా మార్చుకోకుండా నిద్రపోయింది. ఆదివారం మాత్రం వంటింటి బల్ల దగ్గర కూర్చుని రెండు పేజీలు రాసింది. ఆ రెండింటికే ప్రాణం ఉసూరుమంది. రోజ్లిన్ చదువుతుంటే ట్రేసీ చేత ఫోన్ పట్టించుకుని, డెస్ మొత్తం విన్నాడు.

"మొదటి పేరా..." అన్నాడు. "...చెత్త."

"రెండోది?"

తండ్రి తల ఊపుతున్నాడని ట్రేసీ చెప్పింది. ఊపేది బాగుందనే అయితే చాలనుకుని, రోజ్లిన్ మొదటి పేరా కొట్టేసింది.