కెప్టెన్ ముక్కు

జామ్ రోజున కెప్టెన్‌కి అలారంతో పని లేదు. అది మోగేలోపే లేచి, ముఖం కడుక్కుని, నడుముకి ఏప్రన్ బిగించి, వంటింటి కిటికీ తలుపులు రెండూ బార్లా తెరిచేసింది. పెరట్లో ఆపిల్ చెట్టు కింద రాలిన ఆకులు ఎర్రగా, పసుపుపచ్చగా పరుచుకుని ఉన్నాయి. ఈ ఏడు చెట్టు విరగకాసింది. కొమ్మలు ఎక్కడ విరిగిపోతాయోనని వాళ్లాయన రెండు చోట్ల గడలు ఆసరా పెట్టాడు కూడా.

"ఏవండీ, లేవండి! చెట్టు ఆగుతుందేమో గానీ పొయ్యి ఆగదు!"

"లేచాను మహాప్రభో," అంటూ దుప్పట్లోంచే జవాబిచ్చాడు ఆయన.

కెప్టెన్ అనే పేరు అల్లుడు పెట్టింది. పెళ్లయిన కొత్తలో మొదటిసారి ఈ ఇంట్లో జామ్ రోజు చూసి, అత్తగారి ఒక్క కేకకి ఇంటిల్లిపాదీ పరుగులు పెట్టడం చూసి, భార్య చెవిలో "మీ అమ్మ ఓడ నడుపుతోందా, వంట చేస్తోందా?" అన్నాడు. గుసగుసగానే అన్నాననుకున్నాడు, పాపం. ఆవిడకి వినపడింది. నచ్చింది కూడా. అప్పట్నుంచీ కన్న కూతురు కూడా కెప్టెన్ అనే పిలుస్తోంది.

జామ్‌కి ఆ ఇంట్లో ఒక పద్ధతుంది. బస్సు డ్రైవరుగా చేసి రిటైరైన ఆయన పళ్లు కోసుకొస్తాడు. పోస్ట్‌మన్ అయిన అల్లుడు సెలవు పెట్టుకుని వచ్చి తొక్కలు తీస్తాడు. వెనక వీధిలో టైలరింగ్ షాపున్న కెప్టెన్ చెల్లెలు ఏడాది పొడుగునా దాచిన ముక్కగుడ్డలతో సీసాల మూతలకి టోపీలు కుడుతుంది. కూతురు నర్సు, సాయంత్రానికి వచ్చి చీటీలు రాసి అంటిస్తుంది. గిన్నె దగ్గర నిలబడేది మాత్రం కెప్టెన్ ఒక్కతే. అక్కడ ఇంకొకరు గరిట పెట్టకూడదు. గడియారం చూడకూడదు. ఆవిడ ముక్కే గడియారం. ముందు పచ్చి పుల్లటి వాసన వస్తుంది, అది పోయి దాల్చినచెక్కతో కలిసిన తీపి వాసన వస్తుంది, ఆఖర్న చక్కెర వేగబోతున్న వాసన ఒకటి అంచునుంచి సన్నగా లేస్తుంది. అది ఇంకెవరికీ అందదు. సరిగ్గా అప్పుడు "దింపండి!" అని కేక పెడుతుంది. మసిగుడ్డలు పట్టుకుని సిద్ధంగా ఉన్న ఆయన గిన్నె దింపేస్తాడు.

ఇరవై ఆరేళ్లలో ఆ మాట వేరేవాళ్లు అన్నది ఒక్కసారే. చెల్లెలు నోరు జారి "దింపుదామా బావగారూ" అంది, ఆయన దింపాడు, జామ్ కాస్తా చారైంది. ఆ చలికాలమంతా రొట్టె మీద చెంచా పెట్టినప్పుడల్లా అక్క దెప్పుతూనే ఉంది. అప్పట్నుంచి గిన్నెలోంచి మంటలు లేచినా సరే, ఆ ఇంట్లో ముందుగా నోరు విప్పేవాళ్లు లేరు.

ఈ ఏడు వచ్చిన చిక్కేమిటంటే, కెప్టెన్‌కి ముక్కు లేదు. అంటే ఉంది, ఉండాల్సిన చోటే ఉంది. పనిచేయడం లేదంతే. వానల్లో నాలుగు రోజులు కాసిన జ్వరం పోతూ పోతూ వాసన పట్టుకుపోయింది. సబ్బుకి, సాంబ్రాణికి తేడా తెలియడం లేదు. అన్నం తింటే తడి గుడ్డ నమిలినట్టుంది. దారం కొనడానికి వెళ్తున్నానని చెప్పి ఒక్కతే డాక్టరు దగ్గరికి వెళ్లొచ్చింది. "రావచ్చమ్మా. నెలకి రావచ్చు, ఏడాదికి రావచ్చు, రాకపోనూవచ్చు," అన్నాడు డాక్టరు. ఆ ముక్క చెప్పడానికి అంత చదువెందుకని మనసులో తిట్టుకుంటూ ఇంటికొచ్చింది.

ఎవరికీ చెప్పలేదు. చెబితే అయ్యో అంటారు, గరిట మెల్లగా చేతిలోంచి తీసుకుంటారు, కుర్చీ వేసి కూర్చోమంటారు. ఆ కుర్చీ తలుచుకుంటేనే ఆవిడకి గుండెల్లో రాయి పడేది. రేపు వీధి లైబ్రరీ ఆవరణలో అందరూ చేతులతో చేసినవి తెచ్చి పంచుకునే రోజు. అందరికంటే ముందు ఖాళీ అయ్యే బల్ల కెప్టెన్‌దే. ఈ జామ్ చెడితే గుట్టు రట్టవుతుంది, గరిట పోతుంది. కుదిరితే ఇంకో ఏడాది గరిట తనదే. అందుకే పదిహేను రోజులుగా ఆలోచించి ఒక పథకం వేసింది. ఆ పథకం తలుచుకుంటే భయమూ వేస్తోంది, పరీక్షలో చూసి రాసేవాడికుండే హుషారూ వస్తోంది.

పథకం పేరు అల్లుడు.

అల్లుడి ముఖం అద్దం లాంటిది, లోపల ఏముంటే అది పైకి కనపడిపోతుంది. అతన్ని పొయ్యి పక్కన నిలబెట్టి ముఖం చూస్తూ ఉంటే చాలు. చక్కెర వేగే వాసన రాగానే ముక్కుపుటాలు అదురుతాయి, కళ్లు సగం మూసుకుంటాయి. అప్పుడు కేక పెట్టేయవచ్చు.

"ఇవాళ గిన్నె దించేది అల్లుడుగారు," అని ప్రకటించింది.

అల్లుడి చేతిలోని ఆపిల్ జారి బల్ల కిందకి దొర్లింది.

"నేనా అత్తయ్యా?"

"మీరే. ఎన్నాళ్లని తొక్కలు తీస్తారు?"

"మరి నేనో?" అన్నాడు ఆయన, మసిగుడ్డలు గుండెకి హత్తుకుని.

"మీరు మిగిలిన పళ్లు కొయ్యండి. పై కొమ్మలకి ఇంకా రెండు బుట్టలున్నాయి."

ఆయన గిన్నె వైపు చూశాడు, ఆవిడ వైపు చూశాడు. "నేనిక్కడే ఉంటే ఏమవుతుందోయ్?" అన్నాడు మెల్లగా. ఆవిడ నిచ్చెన వైపు వేలు చూపించింది. బుట్టలు పట్టుకుని వెళ్లిపోయాడు.

"ప్రమోషనొచ్చింది నాయనా," అంది చెల్లెలు కత్తెర ఆడిస్తూ. "బావగారికి పాతికేళ్లు పట్టింది."

గిన్నె కుతకుతలాడటం మొదలైంది. కెప్టెన్ గరిట తిప్పుతూ అల్లుడి ముఖం మీద నుంచి చూపు తిప్పలేదు. ఇక్కడే పథకం తలకిందులైంది. అత్తగారు తనకేసి కళ్లార్పకుండా చూస్తుంటే ఏ అల్లుడి ముఖం మామూలుగా ఉంటుంది? నిటారుగా నిలబడి, పాస్‌పోర్టు ఫోటోకి కూర్చున్నవాడిలా నవ్వు అతికించుకున్నాడు.

"వాసన ఎలా ఉంది?" అంది ఆవిడ, మాటవరసకి అడిగినట్టు.

"అద్భుతం అత్తయ్యా."

కాసేపయ్యాక మళ్లీ అడిగింది.

"ఇంకా అద్భుతం అత్తయ్యా."

కాసేపటికి జామ్ చిక్కబడింది. బుడగలు పెద్దవై, టప్ టప్‌మని పగులుతున్నాయి. ఇదేనా? ఇంకా కాదా? ఆవిడ గుండె ఆ బుడగలకంటే వేగంగా కొట్టుకుంటోంది. అల్లుడి ముఖం మీద అదే నవ్వు, కాకపోతే నుదుటి మీద చెమట పట్టింది. చెల్లెలి కుట్టుమిషను టక్కున ఆగిపోయింది. చెల్లెలు తల పైకెత్తి గాలి పీల్చింది. అల్లుడి వైపు చూసింది. అతనూ తిరిగి ఆమె వైపే చూశాడు. కెప్టెనే ఏమీ అనకుండా నిలబడితే మధ్యలో మనమెవరం అన్నట్టు ఇద్దరూ గుటకలు మింగి ఊరుకున్నారు. చెల్లెలైతే మళ్లీ మిషను తొక్కడం మొదలుపెట్టింది, ఇంకొంచెం గట్టిగా.

"ఎలా ఉంది?" అంది కెప్టెన్ మూడోసారి.

"అ... అద్భుతం అత్తయ్యా," అన్నాడు అల్లుడు. ఈసారి కళ్లలో నీళ్లు తిరిగాయి. పొగకో, భయానికో తెలియదు.

అప్పుడు జరిగింది. కెప్టెన్ ముక్కు లోపల ఎక్కడో, మూలన, సన్నగా ఏదో గుచ్చుకుంది. ముందు తుమ్మేమో అనుకుంది. తుమ్ము కాదు. ఘాటుగా, చేదుగా, నల్లగా ఉంది. నెలల తరబడి తాళం వేసిన గది తలుపు ఎవరో తన్నినట్టు, ఒక్కసారిగా లోపలికి వచ్చేసింది.

మాడు వాసన.

"మాడిపోతోంది!" అని అరిచింది కెప్టెన్. వీధి చివరికి వినపడేలా అరిచింది. "మాడు వాసనే! మాడిపోయింది! దింపండి, దింపండి!"

అల్లుడు గిన్నె దింపేసి, చేతులు కట్టుకుని, తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అడుగంటిన జామ్ బొగ్గులా నల్లబడింది. చెల్లెలు రెండు చేతులతో నోరు మూసుకుంది. ఇద్దరూ పిడుగు కోసం ఎదురుచూశారు. కెప్టెనేమో గిన్నె మీదకి వంగి, పొగలో ముఖం పెట్టి, గుండెల నిండా పీల్చి, పకపకా నవ్వుతోంది.

"అక్కా, ఒంట్లో బాగానే ఉందా?"

"ఎంత మాడిందే! ఎంత చక్కగా మాడిందే!" అంటూ చెల్లెల్ని వాటేసుకుని గిర్రున తిప్పింది. చెల్లెలి ఒళ్లోంచి రెండు గుడ్డ టోపీలు ఎగిరి జామ్‌లో పడ్డాయి. ఆ తర్వాత ఆవిడకి పట్టపగ్గాలు లేకపోయాయి. దాల్చినచెక్క డబ్బా తీసి వాసన చూసింది, అందీ అందనట్టుగా తగిలింది. కాఫీపొడి చూసింది, అది బాగానే తగిలింది. ఆపిల్ తొక్కల బుట్టలో తల దూర్చి, తీసి, మళ్లీ దూర్చింది. ఆ మధ్యలోనే జ్వరం, డాక్టరు, దారం అబద్ధం, అల్లుడి ముఖం, అన్నీ ముక్కలు ముక్కలుగా చెప్పేసింది.

"అంటే నా ముఖం చూసి..." అని అల్లుడు తెల్లముఖం వేశాడు. "ముందే చెప్పుంటే మాడుతోందని చెప్పేవాణ్ణి కదా అత్తయ్యా!"

"చెప్పేవారా?"

అతను ఆలోచించాడు. "చెప్పేవాణ్ణి కాదులెండి," అని ఒప్పుకున్నాడు.

ఈలోగా కిటికీలోంచి పోతున్న పొగ చూసి ఆయన పెరట్లోంచి పరిగెత్తుకొచ్చాడు. జుట్టులో ఎండుటాకులు, చేతిలో సగం నిండిన బుట్ట. "నేను ఉంటానంటే విన్నావా! చేతులు కాల్చుకున్నావా? చూపించు!" అంటూ ఆవిడ చేతులు పట్టుకున్నాడు.

కెప్టెన్ ఆయన చొక్కా మీదకి వంగింది. ఒకసారి పీల్చింది. రెండోసారి పీల్చింది. నవ్వు ఆగిపోయింది.

"సిగరెట్టు!"

పదేళ్ల కిందట కూతురి మీద ఒట్టేసి మానేసిన మనిషి. అల్లుడు మెల్లగా ఒక అడుగు వెనక్కి వేశాడు. కానీ ఆయన ముఖం తిట్లు తినబోయే మనిషి ముఖంలా లేదు. కళ్లు మెరుస్తున్నాయి, గడ్డం వణుకుతోంది.

"తెలిసిందా?" అన్నాడు. "నిజంగా తెలిసిందా నీకు?"

"ఎన్నాళ్లనుంచి?"

"వానల్లో ఒకరోజు పాలు పొంగి మాడిపోతుంటే నువ్వు పక్కనే కూర్చుని బీన్స్ తరుగుతున్నావు. వెనక్కి తిరిగి కూడా చూడలేదు. నేనే వచ్చి స్టవ్ కట్టేశాను. అప్పుడర్థమైంది. నువ్వు చెప్పలేదు కదాని నేనూ అడగలేదు. మర్నాటి నుంచి ఒకటి కాల్చడం, వచ్చి నీ పక్కన కూర్చోవడం. ఇవాళైనా తిడుతుందేమో, ఇవాళైనా తిడుతుందేమో అని."

రోజూ సాయంత్రం ఏ పనీ లేకుండా వచ్చి భుజానికి భుజం ఆనించి కూర్చునే మనిషిని, అడ్డం లేవండి అని తను విసుక్కున్న రోజులన్నీ కెప్టెన్‌కి గుర్తొచ్చాయి. గరిట పోతుందని భయపడింది గానీ, ఈ మనిషి తనతోపాటు భయపడుతున్నాడని ఒక్కరోజూ అనుకోలేదు. ఏప్రన్‌తో కళ్లు ఒత్తుకుంది.

"రోజుకి ఒకటేనా?" అంది.

ఆయన చెల్లెలి వైపు చూశాడు. చెల్లెలు సూదిలోకి దారం ఎక్కిస్తోంది. అల్లుడి వైపు చూశాడు. అల్లుడు చెట్టు వైపు చూస్తున్నాడు.

"రెండు," అన్నాడు.

"వెళ్లి చొక్కా మార్చుకు రండి. అల్లుడుగారూ, ఆ గిన్నె నానబెట్టి ఇంకోటి తీయండి, బుట్టలో పళ్లున్నాయి, మళ్లీ మొదలుపెడదాం. ఏవండీ, ఈ కంపుతో మీరు నా పొయ్యి దగ్గరికి వచ్చారంటే ఊరుకోను," అంది కెప్టెన్. అంటూనే ఆయన చొక్కా రెండు చేతులతో పట్టుకుని, మళ్లీ ఒకసారి అందులో ముఖం దాచుకుంది.