పదిహేడో నంబరు సత్రం

యూనివర్సిటీలో మొదటి ఏడాది గట్టెక్కే ఉపాయాలు నాకు తెలిసినన్ని మా హాస్టల్లో ఇంకెవరికీ తెలియవని ఆ రోజుల్లో నా గట్టి నమ్మకం. అడిగినా అడగకపోయినా చెప్పేవాణ్ణి. మెస్సులో మొదటి పంక్తిలో కూర్చోవద్దు, అన్నం పలుకుగా ఉంటుంది. క్లాసులో వెనక బెంచీ వద్దు, సార్ల చూపు ముందు అక్కడికే పోతుంది. 1979లో ఎమ్మెస్సీ మొదటి ఏడాదిలో చేరి మా గదికి వచ్చిన దేవరాజులుకు ఇవన్నీ చెప్పి, చివర్లో అసలు మాట చెప్పాను. మీ ఊళ్లో ఎవరికీ గది నంబరు ఇవ్వవద్దన్నాను.

"సెప్పేసినానన్నా," అన్నాడు వాడు.

వాడిది సత్యవేడు దగ్గర పల్లె. అక్కడినుంచి యూనివర్సిటీ మొహం చూసిన మొదటివాడు వాడే. వాళ్ల నాయన మునిరామయ్య ఆనందం పట్టలేక, మావాడికి తిరుపతిలో పదిహేడో నంబరు గది ఇచ్చారు, కొండకు పోయేవాళ్లు ఎవరైనా అక్కడ దిగవచ్చని ఊరంతా చాటాడట. చిత్తూరు జిల్లాలో కొండకు మొక్కుకోని ఇల్లు ఎక్కడుంటుంది?

నా పేరు జయరావు. మాది చిత్తూరు. ఆదివారం వస్తే ఇంటిల్లిపాదీ చర్చికి పోయే కుటుంబం మాది. అలాంటి నేను రెండో ఏడాది పుస్తకాలు పక్కన పెట్టి ఎన్ని మూటలకు, ఎన్ని లడ్డూలకు కాపలా కాశానో ఆ ఏడుకొండలవాడికే తెలియాలి.

తెల్లవారితే చాలు, తలుపు చప్పుడయ్యేది. పుట్టువెంట్రుకలు తీయించాల్సిన పిల్లలు, కొత్త జంటలు, ముడుపు కట్టుకున్న ముసలివాళ్లు. దేవరాజులు మంచం వాళ్లకు వదిలేసి, కాఫీలు తెప్పించి, అలిపిరి దాకా తోడు పోయి మెట్లెక్కించి వచ్చేవాడు. ఆ పూట క్లాసు సంగతి ఇక మాట్లాడే పని లేదు. కొండ దిగాక గుండ్లకు గంధం పూసుకుని మళ్లీ మా గదికే. ఎవరు వీళ్లని వార్డెను అడిగినప్పుడల్లా, మా మామ అని చెప్పేవాడు. ఆ లెక్కన వాళ్లమ్మకు ఊరు ఊరంతా తోడబుట్టినవాళ్లే.

గది లేదని చెప్పరా అంటే వినడు. మొక్కుబడికి బయల్దేరినవాళ్లను వద్దంటే పాపమట. పరీక్ష తప్పితే ఏమవుతుందని అడిగితే, దానికి మా నాయనుండాడు అన్నాడు. తప్పినరోజే చదువు మాన్పించి చెరుకు తోటకు నీళ్లు కట్టిస్తానని మునిరామయ్య ముందే చెప్పి పంపాడు.

అప్పుడు నాకొక బ్రహ్మాండమైన ఆలోచన వచ్చింది. కాళహస్తిలో దర్శనం చేసుకున్నవాళ్లు ఇంకొకరి గడప తొక్కకుండా నేరుగా ఇంటికి పోవాలని మా పక్క ఆచారం. సత్యవేడు పోయే దారిలోనే కాళహస్తి. కొండ దిగినవాళ్లను దిగినట్టే ఆ బస్సెక్కించు, తిరుగు ప్రయాణం బెడద వదులుతుందని చెప్పాను. దేవరాజులు అక్షరాలా పాటించాడు. దాంతో, దేవరాజులు దగ్గరికి పోతే కాళహస్తి కూడా చూపించి పంపుతాడని ఊళ్లో పేరొచ్చింది. ఒక్క చుట్టులో రెండు పుణ్యాలు. వచ్చేవాళ్లు రెట్టింపయ్యారు. నా సలహాల చరిత్రలో అంత బాగా పనిచేసినది ఇంకొకటి లేదు.

అర్ధసంవత్సరం పరీక్షల్లో వాడు రెండు పేపర్లు పోగొట్టుకున్నాడు. ఏడాది చివర ఇలాగే రాస్తే రెండో ఏడాదికి పంపేది లేదని హెడ్డు పిలిచి చెప్పాడు. ఆ సాయంత్రం గదిలో గోడవైపు తిరిగి కూర్చుని ఏడ్చాడు. చెరుకు తోటకు భయపడి ఏడ్చేది కాదన్నా, మా నాయన ఊళ్లో తలెత్తుకోలేడు అన్నాడు. నాకు వాడంటే ఇష్టమని అప్పుడే తెలిసింది. అంతవరకూ వాణ్ణి ఆటపట్టించడమే ఇష్టమనుకున్నాను.

ఆఖరి పరీక్షలకు వారం ముందు కుప్పమ్మ అనే పెద్దావిడ పదిమందిని వెంటబెట్టుకుని వచ్చింది. దేవరాజులు చాప తీయబోయాడు. నేను వాణ్ణి లోపలే ఉండమని, తలుపుకు అడ్డంగా నిలబడ్డాను.

"అవ్వా, వాడికి పరీక్షలుండాయి. ఈసారి తప్పితే సదువు ఇంతటితో సరి. మీరు సత్రంలో దిగండి."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "ఇంకా పరీచ్చలేంది? వానికి ఉద్యోగమయ్యిందనుకుంటిమే. గది గూడా ఇచ్చినారని మునిరామయ్య సెప్పినాడు."

అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఏడాదంతా ఆ ఊరు మా గదిని సర్కారు క్వార్టర్సు అనుకుంది. ఉద్యోగం వచ్చినవాడు ఊరివాళ్లను ఆదుకోవడం న్యాయమే కదా. ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. కుప్పమ్మ వెనక్కి తిరిగి, పిల్లోడు సదువుకోవాల, పదండి అంది. మూటలు నెత్తినెత్తుకుని అందరూ సత్రానికి పోయారు. ఆ తరువాత పరీక్షలు ముగిసేదాకా మా తలుపు ఎవరూ తట్టలేదు. ఇద్దరం కడుపునిండా చదివాం.

ఎండాకాలంలో ఫలితాలు వచ్చాయి. దేవరాజులు అన్నీ గట్టెక్కాడు. నేనూ ఎమ్మెస్సీ ముగించాను. అంతా నా సలహాల మహిమేనని వాడికి వివరంగా చెప్పాను. హాస్టలు ఖాళీ చేయడానికి ఇద్దరం పెట్టెలు సర్దుకుంటుండగా వరండాలో పెద్ద సందడి. తలుపు తీస్తే, ముందు మునిరామయ్య, వెనక సగం ఊరు. అందరివీ నున్నటి గుండ్లు. దేవరాజులు పాసయితే తలనీలాలు ఇస్తామని ఊళ్లో ఇంటికొకరు మొక్కుకున్నారట. ఇప్పుడు అందరికీ ఆకలి. కూర్చోవడానికి చోటు కావాలి. మంచాలు వరండాలోకి లాగాం.

కుప్పమ్మ గడప దగ్గర కూర్చుంది. నెత్తిన కొంగు జారితే ఆమెది కూడా గుండే. మా పక్క పెద్ద ముత్తయిదువలు జుట్టు కొసన మూడు కత్తెరలిచ్చి సరిపెట్టుకుంటారు. వీడొక్కడి కోసం ఇన్ని గుండ్లు అవసరమా అవ్వా, నువ్వు కూడా ఇవ్వాలా అని వేళాకోళమాడాను.

"వాని కోసరం వాళ్ల నాయనిచ్చె, వీళ్లందరూ ఇచ్చిరి," అంది ఆమె. "నువ్వూ పరీచ్చ రాస్తివంట గదబ్బా. ఈ కొండకు నీ పేరు సెప్పి మొక్కేదానికి మీ ఇంట్లో ఎవురుండారు? అందుకని నాది నీ కోసరం ఇచ్చినా."

కళ్లలో నీళ్లొచ్చాయి. వరండాలోకి పోయి నా మంచం మళ్లీ లోపలికి తెచ్చి, దుప్పటి పరిచి, పడుకో అవ్వా అన్నాను.